మైటర్ సా స్టాండ్ మీద సరిగ్గా కూర్చున్న రోజు: నా అనుభవం

నాలుగో మూల కలవలేదు. మూడు మూలలూ గోరు దూరనంత గట్టిగా కలిశాయి, నాలుగో దాంట్లో మాత్రం అగ్గిపుల్ల దూరేంత సందు. మూడంగుళాల వెడల్పున్న టేకు బీడింగ్ అది, అంటే కిటికీ చుట్టూ కొట్టే పట్టీ. మైటర్ సాతో, అంటే బ్లేడును కావలసిన కోణానికి తిప్పి కోసే కరెంటు రంపంతో, కోశాను. నకిరేకల్ దగ్గర కడుతున్న ఒక ఇంటికి పద్నాలుగు కిటికీల చుట్టూ వేయాలి. అంటే యాభై ఆరు మూలలు, నూట పన్నెండు కోతలు. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. మొదటి కిటికీకే ఇట్లా అయితే మిగతా పదమూడింటి సంగతేమిటని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది వడ్రంగం చేసే ఇల్లు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు మాకు చిన్న షెడ్డు ఉంది. మా నాయిన ఇట్లాంటి మూలలన్నీ చేతి రంపంతోనే కోసేవాడు. 45 డిగ్రీల గాడి పెట్టిన చెక్క పెట్టె ఒకటి ఆయనే చేసుకున్నాడు, బీడింగ్‌ను అందులో పెట్టి గాడి వెంట రంపం లాగేవాడు. మూల కలవకపోతే చిత్రికతో ఒక పొర తీసి కలిపేవాడు. ఆ పని చూస్తూ పెరిగాను కాబట్టి, సందులో పుట్టీ నింపి పాలిష్ కొట్టడం నాకు చేతకాదు. మనసు ఒప్పదు.

మైటర్ సా కొనడానికి రెండేళ్లు డబ్బు దాచాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయి నాలుగైదు షాపులు తిరిగి తీసుకున్నాను. పది అంగుళాల బ్లేడు, తల ముందుకూ వెనక్కూ జరిగే స్లైడింగ్ రకం, బరువు పాతిక కిలోల దాకా ఉంటుంది. స్టాండ్ మాత్రం వేరే కంపెనీది, ఆ మిషన్ కోసమే చేసింది కాదు. ఏ మిషన్‌కైనా సరిపోతుందని చెప్పారు, నిజంగానే సరిపోతుంది. కాకపోతే సరిపోయేలా కూర్చోబెట్టే పని మనదే. అది నాకు అప్పటికి తెలియదు.

ఇట్లాంటి స్టాండ్ చూడనివాళ్ల కోసం చెబుతాను. మడిచే నాలుగు కాళ్లు, వాటి మీద ఎడమ నుంచి కుడికి రెండు పొడవాటి పైపులు, ఆ పైపుల మీద అడ్డంగా కూర్చునే రెండు బ్రాకెట్లు. మిషన్‌ను పైపులకు నేరుగా బిగించం. మిషన్ కాళ్లకున్న నాలుగు రంధ్రాల్లోంచి బోల్టులు దించి ఈ బ్రాకెట్లకు బిగిస్తాం. బ్రాకెట్ ముందు కొస కొక్కెంలా వంగి ముందు పైపును పట్టుకుంటుంది. వెనక కొసకు ఒక లివర్ ఉంటుంది, దాన్ని నొక్కితే వెనక పైపు దగ్గర లాక్ పడుతుంది. సైటు మారినప్పుడు లివర్లు వదిలి, బ్రాకెట్లతో సహా మిషన్‌ను ఎత్తుకుపోవచ్చు. పైపుల రెండు చివర్లలో బయటికి జరిగే చేతులుంటాయి, పొడవు చెక్క కొసలను అవి మోస్తాయి.

మొదటిసారి నేను చేసిన పద్ధతి ఇది. మిషన్‌ను షెడ్డులో నేల మీద పెట్టి, కింద బ్రాకెట్లు చేర్చి, నాలుగు బోల్టులూ వేసి అక్కడికక్కడే గట్టిగా బిగించేశాను. స్టాండ్‌తో వచ్చిన బోల్టులు నా మిషన్ కాళ్ల మందానికి చాల్లేదు. ప్రకాశం బజార్‌కు పోయి 80 మిల్లీమీటర్ల పొడవున్న 8 నంబర్ (8 మిల్లీమీటర్ల మందం) బోల్టులు తెచ్చుకున్నాను. పొడవు ఎక్కువుంటే నష్టమేముంది, తక్కువుంటేనే కదా ఇబ్బంది అనుకున్నాను. తర్వాత బ్రాకెట్లతో సహా ఎత్తి పైపుల మీద పెట్టి లివర్లు నొక్కాను. ఎడమ లివర్ టక్కున పడింది. కుడిది కొంచెం మొరాయించింది, అరచేత్తో గట్టిగా నొక్కితే పడింది. మిషన్ కదల్లేదు. సరే, అయిపోయిందనుకున్నాను.

మూలలో సందు వచ్చినప్పుడు నేను ముందు అనుమానపడింది ఫెన్స్‌ను, అంటే చెక్కను ఆనించే వెనక గోడను. దాని స్క్రూలు వదులు చేసి ఒక వెంట్రుక వాసి జరిపాను. ఎడమ వైపు 45కు తిప్పి కోస్తే బాగా వచ్చింది. కుడి వైపు 45కు తిప్పి కోస్తే సందు ఇంకా పెరిగింది. ఇటు జరిపితే అటు చెడింది, అటు జరిపితే ఇటు చెడింది. పైగా కుడి వైపు కోసిన ముక్కలో కోత నిలువుగా లేదు, పైన కలిసి కింద తెరుచుకుంటోంది. ఇట్లా ఒక పూటంతా పోయింది. నాలుగడుగుల టేకు ముక్కలు ఆరు పాడయ్యాయి. నల్లమల కట్టె కాకపోయినా టేకు టేకే, దాని ధర తెలిసినవాళ్లకు నా బాధ అర్థమవుతుంది.

చిన్న తప్పే కదా అని వదిలేయడానికి ఎందుకు లేదో లెక్క వేసి చూశాను. ఒక్కో కోతలో పావు డిగ్రీ తేడా అనుకోండి, కంటికి కనబడదు. ఒక మూలకు రెండు కోతలు కాబట్టి అర డిగ్రీ. మొదటి మూడు మూలలను గట్టిగా కలిపితే నాలుగు మూలల తేడా మొత్తం ఆఖరి మూల మీదే పడుతుంది, రెండు డిగ్రీలు. మూడంగుళాల బీడింగ్‌కు ఏటవాలు కోత నాలుగంగుళాల పైన ఉంటుంది. దాని మీద రెండు డిగ్రీలంటే ఒక కొసన మూడున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. నా నాలుగో మూలలో అగ్గిపుల్ల దూరడానికి కారణం ఇట్లాంటి కూడికే.

సాయంత్రం నాయిన షెడ్డుకు వచ్చాడు. కళ్లు మసకబారుతున్నా ఆయన చూపు పనిలో మసకబారలేదు. నేను ఫెన్స్ గురించి చెబుతుంటే విని, మిషన్ ఆన్ చేయమనలేదు. "ముందుగాల ప్లగ్గు తియ్యి" అన్నాడు. తీశాను. తర్వాత రెండు బద్దలు తెమ్మన్నాడు. చిత్రిక పట్టి, తిన్నగా ఉన్నాయని దారం లాగి చూసుకున్న మూరెడేసి బద్దలు. ఒకటి మిషన్ బల్ల ఎడమ చివర, ఇంకొకటి కుడి చివర, రెండింటినీ ఫెన్స్‌కు ఆనించి కొసలు ముందుకు పొడుచుకు వచ్చేలా పెట్టాడు. పక్కకు వచ్చి, ఒక కన్ను మూసి, ఎడమ బద్ద పై అంచు మీదుగా కుడి బద్ద పై అంచును చూశాడు. తర్వాత నన్ను చూడమన్నాడు.

రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా కనబడాలి. కానీ కుడి బద్ద కొస ముందు వైపు కిందికి వాలి ఉంది. బల్ల మెలి తిరిగింది.

"మిషన్ మంచిదే బిడ్డా. గది కూసున్న జాగనే మంచిగ లేదు" అన్నాడు నాయిన. నేను గట్టిగానే బిగించానని చెబితే, "బిగిస్తే కూసున్నట్టా? ముందు కూసోవాలె, ఎనక బిగియ్యాలె. నువ్వు కూసోకముందే బిగిచ్చినవ్" అన్నాడు. వంకర నేల మీద మంచాన్ని నాలుగు మూలలా తాళ్లతో కట్టేస్తే కదలకుండా ఉంటుంది గానీ పట్టె వంగిపోతుంది. మిషన్ అడుగుభాగం ఎంత గట్టిదైనా పోత అల్యూమినియమే. నాలుగు బోల్టులు నాలుగు వైపులా లాగితే ఒక వెంట్రుక వాసి వంగుతుంది. మన పనికి ఆ వెంట్రుక చాలు, చెడగొట్టడానికి. ఎడమ వైపు సరిచేస్తే కుడి వైపు ఎందుకు చెడుతోందో అప్పుడు తెలిసింది. బల్ల రెండు చివర్లూ రెండు వేర్వేరు వాలుల్లో ఉంటే ఫెన్స్ జరిపి ఏం లాభం?

మర్నాడు ఆదివారం మా బావ వచ్చాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఫిట్టర్ ఆయన. రోజంతా వణికే జల్లెడలు, తిరిగే పుల్లీల మధ్య ఉంటాడు కాబట్టి నట్టూ బోల్టూ సంగతి ఆయన దగ్గరే నేర్చుకోవాలి. మిషన్ తలను పూర్తిగా కిందికి నొక్కి పిన్ను పెట్టి లాక్ చేశాం. కరెంటు వైరు చుట్టేశాం. తలను పట్టుకుని మిషన్ ఎత్తకూడదు, జరిగే కడ్డీల మీద బరువు పడుతుంది. ఇద్దరం చెరో వైపు అడుగుభాగం పట్టుకుని దించి, నాలుగు చెక్క దిమ్మెల మీద పెట్టాం.

బావ వంగి కిందికి చూసి, "బామ్మర్దీ, ఇటు రా" అన్నాడు. కుడి బ్రాకెట్ వెనక బోల్టు తోక నట్టు దాటి రెండు సెంటీమీటర్ల దాకా వేలాడుతోంది. దాని కొసన మరలు నలిగి మెరుస్తున్నాయి. స్టాండ్ వెనక పైపు మీద సరిగ్గా అక్కడే రంగు లేచిపోయింది. బోల్టు తోక పైపుకు తగిలి ఆ మూలను పైకి లేపింది. బ్రాకెట్ పైపు మీద ఆనలేదు, బోల్టు కొస మీద ఆనింది. కుడి లివర్ మొరాయించింది అందుకే. ఆ రోజు దాన్ని అరచేత్తో నొక్కకుండా ఒక్క నిమిషం ఆగి కిందికి వంగి చూసి ఉంటే ఆరు ముక్కల టేకు మిగిలేది. లివర్ మామూలు జోరుతో పడకపోతే కింద ఏదో అడ్డం ఉన్నట్టే. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదట ఈ మాటే చెబుతున్నాను.

బోల్టు పొడవు ఎంతుండాలో బావ నాతోనే కొలిపించాడు. మిషన్ కాలి మందం, బ్రాకెట్ మందం, పైనా కిందా రెండు వాషర్లు, నట్టు ఎత్తు, ఇవి కలిపి, నట్టు బయట రెండు మూడు మరలు కనబడేంత. నాకు 65 మిల్లీమీటర్లు వచ్చింది. మీ మిషన్‌కు వేరే రావచ్చు, కొలవాల్సిందే. నట్టు మామూలుది వద్దన్నాడు. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టు తెప్పించాడు. మిల్లులో వణికే మిషన్లకు మామూలు నట్టు పెడితే వారం తిరక్కుండా అదే ఊడి వస్తుందట. ఒకసారి విప్పిన నైలాక్ నట్టులో రింగు పట్టు తగ్గుతుంది కాబట్టి మళ్లీ బిగించేటప్పుడు కొత్తది వాడమన్నాడు. వాషర్లు వెడల్పైనవి తీసుకున్నాం, బోల్టు తల అల్యూమినియంలోకి దిగబడకుండా.

నా మిషన్ ప్లేటు మీద నిమిషానికి 4,800 చుట్లు అని ఉంది. బ్లేడు 255 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే పంటి కొస సెకనుకు 64 మీటర్లు పోతుంది, గంటకు 230 కిలోమీటర్ల వేగం. అంత వేగంతో తిరిగేదాన్ని చేతికి జానెడు దూరంలో పెట్టుకుని పని చేస్తున్నప్పుడు దాని కింది నాలుగు నట్టుల గురించి రెండు గంటలు ఆలోచించడం ఎక్కువేమీ కాదు.

ఈసారి వరస మార్చాం. బోల్టులు వేసి నట్టులను వేళ్లతో తిప్పినంత వరకే తిప్పి వదిలేశాం. బ్రాకెట్లు అటూ ఇటూ కొంచెం జరిగేలా వదులుగా ఉన్నాయి. అట్లాగే ఎత్తి ముందు కొక్కేలను ముందు పైపుకు తగిలించి, వెనక భాగాన్ని మెల్లగా దించాం. రెండు లివర్లూ రెండు వేళ్లతో నొక్కితే ఒకే చప్పుడుతో పడ్డాయి. పైపుల మీద బ్రాకెట్లు వాటి చోటు అవే వెతుక్కున్నాయి, రెండూ ఒకదానికొకటి సమాంతరంగా నిలబడ్డాయి. నేల మీదే బిగించేస్తే వాటికి ఆ అవకాశం ఉండదు.

ఇంకా పానా పట్టలేదు. నాయిన పెళ్లి పత్రిక చింపిన ముక్క తెచ్చి, మిషన్ కాలికీ బ్రాకెట్‌కూ మధ్య నాలుగు చోట్లా దూర్చి చూశాడు. మూడు చోట్ల దూరలేదు. కుడి ముందు కాలి కింద మాత్రం జారిపోయింది. బోల్టు అడ్డం పోయినా ఇక్కడ కొంచెం ఖాళీ మిగిలింది, అది బ్రాకెట్ పోతలోనే ఉన్న తేడా. అది తెలియక బిగిస్తే మళ్లీ మెలి వస్తుంది. ఆ కాగితం ముక్కనే పెట్టేద్దామన్నాను. "కాయిదం నలుగుతది, రేకు పెట్టు" అన్నాడు నాయిన. నూనె డబ్బా రేకును వాషర్ అంత కత్తిరించి, మధ్యలో బోల్టు పట్టే రంధ్రం చేసి ఆ కాలి కింద పెట్టాం. పత్రిక ముక్క ఇక ఎక్కడా దూరలేదు.

అప్పుడు 13 నంబర్ పానా తీశాం. ఎడమ ముందు, తర్వాత కుడి వెనక, తర్వాత కుడి ముందు, తర్వాత ఎడమ వెనక. ఒక్కో నట్టుకు పావు చుట్టు చొప్పున, మూలకు ఎదురు మూల. ప్రతి చుట్టుకూ బద్దలు పెట్టి ఒక కన్నుతో చూశాను. ఆఖరి చుట్టు దాకా రెండు అంచులూ ఒకే గీతగా నిలిచాయి. పానా కొసన పట్టుకుని బలమంతా పెట్టొద్దని బావ రెండుసార్లు చెప్పాడు, మిషన్ కాలి చెవి పగిలితే అతుకు పడదు.

బ్లేడు కిందున్న మిషన్ సంగతి తేలాక, కాళ్ల కిందున్న నేల సంగతి చూశాం. మా షెడ్డులో షాబాదు బండలు పరిచి ఉన్నాయి. ఒక బండకూ ఇంకో బండకూ ఎత్తు తేడా ఉంటుంది. నాలుగు కాళ్లలో ఒకటి గాల్లో ఉండి, మిషన్ తల జరిగినప్పుడల్లా స్టాండ్ టకటకమనేది. ఒక కాలికి తిప్పితే ఎత్తు మారే పాదం ఉంది, దాన్ని నేలకు ఆనేదాకా తిప్పాం. రసమట్టం పెట్టి బల్ల భూమికి సమంగా ఉందా లేదా చూశాను గానీ, అది ఒక పిసరు అటూ ఇటూ ఉన్నా కోతకు నష్టం లేదు. స్టాండ్ ఊగకపోవడం, బల్ల మెలి తిరగకపోవడం, ఈ రెండే అసలు. తర్వాత ప్లగ్గు తీసి ఉండగానే తల లాక్ విప్పి, మొత్తం వెనక్కి తోసి ఒకసారి, మొత్తం ముందుకు లాగి ఒకసారి చూశాం. స్లైడింగ్ రకంలో మోటారు బరువు తలతో పాటు కదులుతుంది. ముందు కాళ్లు లేస్తాయేమోనని బావ వంగి చూశాడు. లేవలేదు. మిషన్‌ను కూడా స్టాండ్ మధ్యకు జరిపాం. ముందు నేను గోడ వైపు జాగా కోసం ఒక చివరకు పెట్టుకున్నాను, అది తప్పు.

పక్క చేతుల ఎత్తు దగ్గర మళ్లీ చాలాసేపు పట్టింది, పట్టాలి కూడా. ఆరడుగుల అల్యూమినియం బాక్స్ పైపును మిషన్ బల్ల మీద పెట్టి, అది చేతి మీదికి పోయేలా జరిపి, కింద వెలుతురు కనబడకుండా, పైపు లేవకుండా చేతిని ఎత్తి బిగించాం. చేయి ఒక పిసరు ఎక్కువ ఎత్తుంటే చెక్క బల్ల దగ్గర లేచి నిలుస్తుంది. కోత పూర్తయ్యే సమయానికి రెండు ముక్కలూ లోపలికి వాలి బ్లేడును పట్టుకుంటాయి, చెక్క ఎగిరిపడేది అప్పుడే. తక్కువుంటే చెక్క కొస వేలాడి, ఆఖరున కింది పీచు చీలిపోతుంది. ఎక్కువ ఎత్తే ప్రమాదం.

ఫెన్స్‌ను దిద్దింది అన్నిటికన్నా చివర. మూల 90 డిగ్రీలు ఉందో లేదో చూసే గుణియను ఫెన్స్‌కు ఆనించి, ఇంకో అంచును బ్లేడు రేకుకు తగిలించి చూశాను. పళ్లకు తగలనివ్వలేదు, పళ్ల కొసలు రేకు కన్నా వెడల్పుగా ఉంటాయి కాబట్టి అక్కడ కొలత తప్పుతుంది. స్క్రూలు బిగించి, కళ్లద్దాలూ మాస్కూ పెట్టుకుని, ప్లగ్గు పెట్టి, వెడల్పాటి వేప పలక ఒకటి నేరుగా కోశాను. రెండు ముక్కల్లో ఒకదాన్ని బోర్లా తిప్పి, కోసిన అంచులు రెండూ కలిపాను. తప్పు ఉంటే ఇట్లా తిప్పినప్పుడు రెట్టింపై కనబడుతుంది. నాయిన ఆ రెండు ముక్కలనూ బల్బు ముందు ఎత్తి పట్టుకున్నాడు. మధ్యలోంచి వెలుతురు రాలేదు.

కుడి 45, ఎడమ 45. నాలుగు వేప ముక్కలతో చిన్న చట్రం చేసి కలిపాను. నాలుగో మూల మీద నాయిన బొటనవేలు గోరుతో గీసి చూశాడు. గోరు ఆగలేదు. ఏమీ అనకుండా ఆ చట్రాన్ని తన పాత గాడి పెట్టె పక్కన గోడకు తగిలించాడు.

వారం తర్వాత నట్టులు మళ్లీ పానాతో చూశాను, ఒక్కటీ కదల్లేదు. పైపుల మీద బ్రాకెట్లు కూర్చునే చోట మార్కర్‌తో గీతలు పెట్టుకున్నాను, నకిరేకల్ సైటులో దించినప్పుడు అవే గీతల మీద పెట్టాను. అక్కడ నేల ఇంకా మట్టిదే, కాళ్ల కింద పలకలు వేశాం. బద్దలు రెండూ వెంట తీసుకుపోయి, మొదటి కోతకు ముందు ఒక కన్ను మూసి చూసుకున్నాను. యాభై ఆరు మూలలకు ఐదు రోజులు పట్టింది. ఇంటివాళ్లు శ్రావణ శుక్రవారం పాలు పొంగించుకున్నారు.